కార్బన్ ఫిల్టర్ దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది

గుప్పెడు కొత్త కార్బన్ గింజల్ని గాజు గ్లాసులోని నీళ్లలో వేస్తే మొదట సన్నటి చిటపట చప్పుడు వినిపిస్తుంది. గింజల మీద నుంచి సూదిమొనంత బుడగలు దండ గుచ్చినట్టు పైకి లేస్తాయి. కొన్ని గింజలు కాసేపు తేలి, తర్వాత ఒక్కొక్కటిగా మునుగుతాయి. నిమిషాలు గడిచినా బుడగలు పూర్తిగా ఆగవు. ఏదో రసాయన చర్య జరుగుతోందనిపిస్తుంది గానీ అలాంటిదేమీ లేదు. గింజ లోపలి ఖాళీల్లోకి నీరు చొరబడుతుంటే అక్కడున్న గాలి బయటికొస్తోంది. వేళ్లతో నొక్కినా చితకకుండా రాయిలా గట్టిగా ఉండే ఆ గింజలో సగానికి పైగా ఖాళీయే.

ఆ ఖాళీయే ఇక్కడ అసలు సరుకు. ఫిల్టర్ అనగానే మనకు వడకట్టడం గుర్తొస్తుంది. గుడ్డతో వడకట్టినా, జల్లెడ పట్టినా సూత్రం ఒకటే: రంధ్రం కన్నా పెద్దది ఆగిపోతుంది, చిన్నది దాటిపోతుంది. ఫిల్టర్‌లో ఉండే ఈ గింజల్ని యాక్టివేటెడ్ కార్బన్, అంటే ఉత్తేజిత బొగ్గు, అంటారు. దాని పని ఈ లెక్కకు అందదు. ఫిల్టర్‌లో గింజకూ గింజకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని వంతులు. క్లోరిన్ కలిపిన నీటిలో ఏర్పడే క్లోరోఫామ్ అనే మలినం అణువు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు, కూడా ఉండదు. ఆ అణువుకు ఆ సందు ఎంత పెద్దదంటే, ఊరంత వెడల్పు ద్వారం చీమకు ఎదురైనట్టు. అయినా అది దాటిపోకుండా కార్బన్‌కు చిక్కుతుంది. ఆ పట్టు ఎలా పడుతుందో అర్థమైతే ఈ ఫిల్టర్ ఏం చేయగలదో, ఏం చేయలేదో, ఎందుకు మార్చాలో అన్నీ వాటంతటవే తేలిపోతాయి. దాన్ని జల్లెడగా ఊహించుకున్నంతకాలం మాత్రం ప్రతి విషయమూ తప్పుగానే అర్థమవుతుంది.

స్పాంజి నీటిని పీల్చుకుంటే నీరు దాని ఒళ్లంతా వ్యాపిస్తుంది. దాన్ని శోషణం అంటారు. చల్లటి అద్దం మీద ఆవిరి పట్టినప్పుడు అది అద్దం లోపలికి వెళ్లదు, పైన పలచటి పొరగా అంటుకుని ఉంటుంది. ఇలా ఉపరితలానికి మాత్రమే అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. రెండు మాటలూ వినడానికి దగ్గరగా ఉండటంతో పాఠ్యపుస్తకాల్లో పిల్లలు తికమకపడే చోటు ఇదే. ఆంగ్లంలోనూ అదే ఇబ్బంది ఉంది. ఈ రెండింటినీ వేరుచేసే మాట 1881లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైన్రిక్ కైజర్ రచనతో వాడుకలోకి వచ్చింది. కార్బన్ ఫిల్టర్ పనిలో సింహభాగం అధిశోషణమే.

ఉపరితలానికి అంటుకోవడమే పని అయితే ఎంత ఉపరితలం ఉంటే అంత మంచిది. మంచి రకం యాక్టివేటెడ్ కార్బన్ ఒక్క గ్రాము తీసుకుంటే, అంటే ఇంచుమించు అర చెంచా, అందులోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే దాదాపు 1,000 చదరపు మీటర్లు వస్తుంది. పావెకరం నేల అన్నమాట. రకాన్ని బట్టి ఇది 500 నుంచి 1,500 చదరపు మీటర్ల వరకు ఉంటుంది. పావుకిలో గింజలున్న ఒక మామూలు కార్ట్రిడ్జ్‌ని చేత్తో పట్టుకుంటే 60 ఎకరాల పైచిలుకు నేలను పట్టుకున్నట్టే. ఈ వైశాల్యాన్ని కొలిచే పద్ధతిని 1938లో బ్రునావర్, ఎమ్మెట్, టెల్లర్ అనే ముగ్గురు రూపొందించారు. గడ్డకట్టించేంత చలిలో నైట్రోజన్ వాయువు ఆ గోడల మీద పొరగా ఎంత పడుతుందో చూసి లెక్కకట్టడమే ఆ పద్ధతి. ఇప్పటికీ ప్రయోగశాలల్లో ఇదే వాడుతున్నారు.

రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉండవు. 50 నానోమీటర్ల కన్నా వెడల్పైనవి పెద్ద రోడ్లు, 2 నుంచి 50 మధ్యవి వీధులు, 2 కన్నా ఇరుకైనవి సందులు అనుకోవచ్చు. వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ సందులెంత ఇరుకో తెలుస్తుంది. అణువు రోడ్డు మీద వచ్చి, వీధిలోకి తిరిగి, చివరికి సందులో ఇరుక్కుంటుంది. నిజమైన నిల్వ అంతా సందుల్లోనే. ఎందుకంటే అక్కడ అణువును ఒక గోడ మాత్రమే కాదు, చుట్టూ ఉన్న గోడలన్నీ లాగుతాయి.

ఈ లాగుడు అయస్కాంతానిదీ కాదు, జిగురుదీ కాదు. వాన్ డర్ వాల్స్ బలాలని పిలిచే చాలా బలహీనమైన ఆకర్షణ. ప్రతి అణువులోనూ ఎలక్ట్రాన్లు క్షణక్షణం అటూ ఇటూ ఒరుగుతుంటాయి. ఆ ఒరుగుడు పక్క అణువులోనూ ఒరుగుడు తెస్తుంది. రెండూ కాస్త దగ్గరవుతాయి. ఫ్రిట్జ్ లండన్ 1930లో ఈ ఆకర్షణకు లెక్క చూపించాడు. ఒక్కో పరమాణువు వైపు నుంచి చూస్తే ఇది దాదాపు సున్నా. కానీ ఇరవై ముప్ఫై పరమాణువులున్న పెద్ద అణువు గోడకు ఆనుకుంటే అన్ని చిన్న లాగుళ్లూ కలిసి గట్టి పట్టవుతుంది. అందుకే పెద్ద అణువులు, ముఖ్యంగా బల్లపరుపు వలయాలున్నవి, కార్బన్‌కు బాగా చిక్కుతాయి.

నీటిలో దీనికి ఇంకో సాయం తోడవుతుంది. నూనె స్వభావమున్న అణువులతో నీటికి పొసగదు. వాటిని పక్కకు నెట్టేసి నీటి అణువులు తమలో తాము చేయి కలుపుకుంటాయి. అలా నెట్టేసిన అణువుకు కార్బన్ గోడ ఆశ్రయమిస్తుంది. దీన్నుంచి ఒక సులువైన లెక్క వస్తుంది: నీటితో సరిపడనిది కార్బన్‌కు చిక్కుతుంది, నీటిలో హాయిగా కలిసిపోయేది చిక్కదు. పురుగుమందుల్లో చాలావాటిని, ద్రావకాల్ని, రంగుల్ని, వాసనల్ని కార్బన్ తీయగలగడానికీ ఉప్పును తీయలేకపోవడానికీ కారణం ఇదే.

ఖాళీని తయారుచేయడం

కొబ్బరి చిప్ప, నేలబొగ్గు, కర్ర, పండ్ల టెంకలు, ఇలా కర్బనం ఎక్కువున్న దేన్నుంచైనా దీన్ని చేయవచ్చు. ముందు గాలి తగలకుండా 400 నుంచి 700 డిగ్రీల వేడిలో కాలుస్తారు. తేమ, తారు, వాయువులు పోయి బొగ్గు మిగులుతుంది. ఇక్కడితో ఆగితే అది మామూలు బొగ్గే. రంధ్రాలు పుట్టి ఉంటాయి గానీ చాలావాటి నోళ్లు తారుతో మూసుకుపోయి ఉంటాయి. పొయ్యి బొగ్గును నలగ్గొట్టి ఫిల్టర్‌లో నింపితే అదే పని చేస్తుందనుకునేవాళ్లు పొరపడేది ఇక్కడే. పదార్థం ఒకటే, లోపలి కట్టడం వేరు.

అసలు పని రెండో దశలో జరుగుతుంది. ఆ బొగ్గును 800 నుంచి 1,000 డిగ్రీల వేడికి తెచ్చి దాని మీదికి నీటి ఆవిరి పంపుతారు. అంత వేడిలో ఆవిరి కర్బనాన్ని తినేస్తుంది. కర్బనం, నీరు కలిసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వాయువులుగా మారి ఎగిరిపోతాయి. తారు పోతుంది, మూసుకున్న నోళ్లు తెరుచుకుంటాయి, కొత్త సందులు తొలుచుకుంటాయి. మంచి వైశాల్యం రావాలంటే బొగ్గులో సగం దాకా ఇలా పోగొట్టుకోవాలి. మరీ ఎక్కువసేపు ఉంచితే సందుల మధ్య గోడలు కూలి వీధులైపోతాయి, చిన్న అణువుల్ని పట్టే గుణం తగ్గుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే తయారీదారు నేర్పు. ఆవిరికి బదులు ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి తక్కువ వేడిలో చేసే పద్ధతి కూడా ఉంది. కర్రపొట్టుకు ఎక్కువగా దాన్ని వాడతారు.

ముడిసరుకును బట్టి ఫలితం మారుతుంది. కొబ్బరి చిప్ప గట్టిది, దాని కార్బన్‌లో సన్నటి సందులు ఎక్కువ. అందుకే తాగునీటి కార్ట్రిడ్జ్‌లకూ వాయువుల్ని పట్టడానికీ అది బాగా నప్పుతుంది. కర్ర నుంచి వచ్చిన దానిలో వీధులు వెడల్పు కాబట్టి పెద్ద రంగు అణువుల్ని తీయడానికి మేలు. నేలబొగ్గు రకం రెండింటికీ మధ్యస్తం. పెద్ద నీటి శుద్ధి కేంద్రాల్లో ఇది ఎక్కువ. సరుకు నాణ్యతను చెప్పడానికి అయోడిన్ నంబర్ అనే కొలత వాడతారు. ఒక గ్రాము కార్బన్ ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్‌ని పట్టుకుందో ఆ అంకె చెబుతుంది. 1,000 దగ్గర ఉంటే మంచి సరుకు. అయోడిన్ చిన్న అణువు కాబట్టి ఈ అంకె సందుల గురించి చెబుతుంది, వీధుల గురించి పెద్దగా చెప్పదు.

బొగ్గు వాయువుల్ని పట్టుకుంటుందని స్వీడన్ రసాయనవేత్త షీలే 1773లోనే గమనించాడు. 1785లో రష్యాలో పనిచేస్తున్న టోబియాస్ లోవిట్జ్ బొగ్గు పొడి ద్రావణాల రంగు విరిచేస్తుందని చూపించాడు. తర్వాత చక్కెర పరిశ్రమ ఆ గుణాన్ని అందిపుచ్చుకుంది. ఆవిరితోనూ రసాయనాలతోనూ బొగ్గును ఉత్తేజపరిచే పద్ధతులకు 1900 ప్రాంతంలో రఫాయెల్ వాన్ ఆస్ట్రెయికో పేటెంట్లు తీసుకున్నాక ఇది ఫ్యాక్టరీ సరుకైంది. అయితే దీని అవసరం అందరికీ తెలిసొచ్చింది మొదటి ప్రపంచ యుద్ధంలో. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర క్లోరిన్ వాయువును కందకాల మీదికి వదిలారు. అదే ఏడాది రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ ఉత్తేజిత బొగ్గు నింపిన మాస్కు తయారుచేశాడు. 1918 నాటికి అమెరికాలో మాస్కుల కోసం పీచ్ పండ్ల టెంకలు, గింజల పెంకులు దాచి ఇవ్వమని ప్రజల్ని అడిగే పరిస్థితి వచ్చింది. గుప్పెడు టెంకల బొగ్గు ఒక మనిషి ఊపిరిని కాపాడిందంటే, ఆ చిన్న రంధ్రాల విలువ అంతకన్నా బాగా చెప్పలేం.

నీటిలో

కార్బన్ ఫిల్టర్ తీసేవాటిలో జనానికి వెంటనే తెలిసేది క్లోరిన్. విచిత్రమేమిటంటే ఇది అధిశోషణం కాదు. నీటిలోని క్లోరిన్ కార్బన్ గోడను తాకగానే దానితో రసాయన చర్య జరిపి క్లోరైడ్‌గా మారిపోతుంది. ఉప్పులో ఉండే క్లోరైడే అది, ఆ కొద్ది మోతాదులో హాని లేదు. చర్య చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి పలచటి కార్బన్ పొర కూడా క్లోరిన్ వాసనను ఇట్టే పోగొడుతుంది. కొన్ని చోట్ల క్లోరిన్ బదులు క్లోరమీన్ వాడతారు. దాన్ని విడగొట్టడం కార్బన్‌కు నెమ్మదైన పని. ఎక్కువ కార్బన్, ఎక్కువ సమయం కావాలి.

ఆర్వో యంత్రంలో మెంబ్రేన్‌కు ముందు కార్బన్ దశ ఉండేది ముఖ్యంగా ఇందుకే. క్లోరిన్ తగిలితే ఆ సన్నటి పాలిఅమైడ్ పొర పాడైపోతుంది. చివర్లో ఇంకో చిన్న కార్బన్ గొట్టం ఉంటే అది రుచి కోసం.

క్లోరిన్ కన్నా జాగ్రత్తగా చూడాల్సినవి క్లోరిన్ వల్ల పుట్టేవి. నదీ జలాల్లో కుళ్లిన ఆకులూ మట్టీ వదిలిన సేంద్రియ పదార్థం ఉంటుంది. దానితో క్లోరిన్ కలిసినప్పుడు క్లోరోఫామ్ వంటి ట్రైహాలోమీథేన్లు ఏర్పడతాయి. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో యోహానెస్ రోక్ ఈ సంగతి బయటపెట్టాడు. అమెరికాలో తాగునీటిలో ఇవన్నీ కలిపి లీటరుకు 80 మైక్రోగ్రాములు మించకూడదని పరిమితి ఉంది. కార్బన్ వీటిని పట్టుకుంటుంది, కానీ క్లోరోఫామ్ చిన్న అణువు కాబట్టి పట్టు గట్టిది కాదు. ఇక్కడే ఒక చిక్కుంది, చాలామంది దృష్టికి రానిది. క్లోరిన్‌ని విరిచే శక్తి కార్బన్‌లో చాలాకాలం నిలుస్తుంది. క్లోరోఫామ్‌ని పట్టే శక్తి అంతకన్నా ఎంతో ముందే అయిపోతుంది. అంటే క్లోరిన్ వాసన రావట్లేదు కాబట్టి ఫిల్టర్ బాగానే ఉందని అనుకోవడం సరైన పరీక్ష కాదు. నాలుకకు తెలిసేది ఒకటి, ఒంటికి తగిలేది మరొకటి.

వాసన విషయంలో మాత్రం కార్బన్‌ది పైచేయి. తొలకరి వానకు నేల నుంచి లేచే మట్టి వాసన అందరికీ ఇష్టమే. అందులో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. అదే పదార్థం జలాశయాల్లో కొన్ని రకాల నాచు లాంటి బ్యాక్టీరియా వల్ల పుట్టి తాగునీటిలోకి వస్తే, జనం నీళ్లు పాడయ్యాయని కంగారుపడతారు. లీటరుకు 10 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పసిగట్టేస్తుంది. ఒక గ్రాము జియోస్మిన్‌ను 10 కోట్ల లీటర్లలో కలిపినట్టు లెక్క. మామూలు ఇసుక ఫిల్టర్లూ క్లోరినూ దీన్ని పెద్దగా తీయలేవు. వలయాలున్న, నీటికి పొసగని అణువు కావడంతో కార్బన్ దీన్ని బాగా పట్టుకుంటుంది. ఆ వాసన వచ్చే నెలల్లో శుద్ధి కేంద్రాలు పిండిలాంటి కార్బన్ పొడిని నేరుగా నీటిలో కలిపి, తర్వాత మడ్డితోపాటు తీసేస్తాయి. ఏడాది పొడవునా సమస్య ఉన్నచోట గింజ కార్బన్‌తో లోతైన పడకలు కడతారు.

ఇక తీయలేనివాటి సంగతి. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు, కాఠిన్యం తెచ్చే కాల్షియం, మెగ్నీషియం, వీటిలో వేటినీ మామూలు కార్బన్ తీయదు. ఇవన్నీ విద్యుదావేశం ఉన్న అయాన్లు. నీటి అణువులు వాటి చుట్టూ గుమిగూడి గట్టిగా పట్టుకుని ఉంటాయి, వదిలి గోడకు చేరనివ్వవు. ఆర్సెనిక్ విషయంలోనూ మామూలు కార్బన్‌ని నమ్ముకోకూడదు. విషం మింగినవారికి ఆసుపత్రిలో ఇచ్చే ఉత్తేజిత బొగ్గు చాలా మందుల్ని పట్టుకున్నా, ఇనుము, లిథియం, ఆల్కహాల్ విషయంలో పనికిరానిదీ అవి నీటిలో హాయిగా కలిసిపోయేవి కాబట్టే. కడుపులోనైనా కార్ట్రిడ్జ్‌లోనైనా అణువు స్వభావమే నిర్ణయిస్తుంది.

టీడీఎస్ మీటర్‌తో కార్బన్ ఫిల్టర్‌ని పరీక్షించడం దీనివల్లే అర్థంలేని పని. ఆ మీటర్ కొలిచేది నీటిలో విద్యుత్తు ఎంత పారుతుందో, అంటే అయాన్లెన్నున్నాయో. కార్బన్ వాటి జోలికే పోదు. ముందూ తర్వాతా ఒకే అంకె వస్తే ఫిల్టర్ చెడిపోయినట్టు కాదు. అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన పురుగుమందు లేదనీ కాదు.

సూక్ష్మజీవుల విషయం ఇంకా ముఖ్యం. బ్యాక్టీరియా పొడవు దాదాపు ఒక మైక్రాన్, అంటే 1,000 నానోమీటర్లు. కార్బన్ సందుల్లో అది పట్టనే పట్టదు. పైగా గింజల మీద దానికి కావలసినవన్నీ దొరుకుతాయి: అంటుకున్న సేంద్రియ పదార్థం తిండి, గరుకు ఉపరితలం ఇల్లు, క్లోరిన్ విరిగిపోయింది కాబట్టి రక్షణ. రాత్రంతా కదలకుండా ఉన్న కార్ట్రిడ్జ్‌లో అవి పెరుగుతాయి. అందుకే పొద్దున్నే మొదటి కాసిని నీళ్లు వదిలేయడం, ఊళ్లు తిరిగి వచ్చాక ఇంకాస్త ఎక్కువ వదిలేయడం మంచిది. కార్బన్‌కు వెండి పూస్తే ఆ పెరుగుదల కొంత నెమ్మదిస్తుంది, నీరు క్రిమిరహితం కాదు. క్రిములున్న నీటికి కార్బన్ ఒక్కటే ఎప్పుడూ సరిపోదు. మరిగించడమో, అతినీలలోహిత దీపమో, మెంబ్రేనో తోడుండాలి. పెద్ద శుద్ధి కేంద్రాల్లో మాత్రం ఈ జీవుల్నే పనిలో పెట్టుకునే పద్ధతి ఉంది. ముందు ఓజోన్ పంపి పెద్ద అణువుల్ని ముక్కలు చేస్తారు, కార్బన్ మీద కాపురమున్న బ్యాక్టీరియా ఆ ముక్కల్ని తినేస్తుంది, ఆ తర్వాత క్రిమిసంహారం చేస్తారు.

ఎంత కార్బన్ ఉందో ఎంత ముఖ్యమో, నీరు దానితో ఎంతసేపు ఉందో అంతే ముఖ్యం. అణువు గింజను తాకగానే సరిపోదు. రోడ్డు దాటి వీధిలోంచి సందులోకి నడవాలి. నీటిలో ఆ నడక నత్తనడకే. శుద్ధి కేంద్రాల్లో నీరు కార్బన్ పడక గుండా సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలు ప్రయాణించేలా కడతారు. లీటరు పరిమాణమున్న కార్ట్రిడ్జ్ గుండా నిమిషానికి రెండు లీటర్లు పోతే దొరికేది అర నిమిషం. కుళాయి పూర్తిగా తిప్పితే అది ఇంకా తగ్గుతుంది. సన్నటి పొడిని వత్తి గట్టి దిమ్మెగా చేసిన కార్బన్ బ్లాక్ ఇక్కడ మెరుగు. గింజ చిన్నదైతే నడవాల్సిన దూరం తగ్గుతుంది. దిమ్మె రంధ్రాలు మైక్రాన్లలో ఉంటాయి కాబట్టి కొంత మడ్డిని జల్లెడలాగే ఆపుతుంది కూడా. సీసం తీస్తాయని చెప్పే బ్లాకుల్లో దానికోసం వేరే పదార్థం కలుపుతారు. కొనేటప్పుడు చూడాల్సిన అమెరికన్ ప్రమాణాల అంకెలు రెండున్నాయి: ఎన్‌ఎస్‌ఎఫ్/ఏఎన్‌ఎస్‌ఐ 42 అంటే క్లోరిన్, రుచి, వాసనల పరీక్ష. 53 అంటే ఆరోగ్యానికి హాని చేసేవాటి పరీక్ష. 53 రాసి ఉన్నా, ఏయే పదార్థాలకు పరీక్షించారో పేరుపేరునా చూసుకోవాలి.

నిండిపోయాక

తెల్లటి సుద్దముక్క ఒక కొసను సిరాలో పెడితే తడి మెల్లగా పైకి పాకుతుంది. కింద పూర్తిగా నీలం, పైన పూర్తిగా తెలుపు, మధ్యలో ఒక పలచటి పట్టీ. కార్బన్ పడకలో జరిగేది దాదాపు ఇదే. నీరు వచ్చే వైపు గింజలు ముందు నిండుతాయి, అటు చివరివి ఖాళీగా ఉంటాయి, మధ్య పట్టీలో పని నడుస్తుంది. పట్టీ ముందుకు జరుగుతూ అటు చివరను తాకేదాకా బయటికొచ్చే నీరు శుభ్రంగానే ఉంటుంది. తాకాక మలినం బయటపడటం మొదలవుతుంది. నీరు ఆగదు, ధార తగ్గదు, రంగు మారదు. మడ్డి ఫిల్టర్ నిండితే ధార సన్నబడి తనంతట తానే చెబుతుంది. కార్బన్ నిండితే ఏ సూచనా ఉండదు. దీని విషయంలో అసలు టెన్షన్ పెట్టే లక్షణం ఇదే, గడువు ప్రకారం మార్చమనడానికి కారణమూ ఇదే.

నిండిన కార్బన్ ఊరికే పనిచేయకుండా ఉండిపోతుందనుకున్నా పొరపాటే. గట్టిగా అంటుకునే అణువులు కొత్తగా వచ్చినప్పుడు, అంతకుముందు వదులుగా అంటుకున్న వాటిని తోసేసి చోటు ఆక్రమిస్తాయి. తోసివేతకు గురైనవన్నీ ఒక్కసారి నీటిలోకి వస్తాయి. అప్పుడు ఫిల్టర్‌లోకి వెళ్లే నీటి కన్నా బయటికొచ్చే నీటిలోనే ఆ పదార్థం ఎక్కువుండే అవకాశం ఉంది. లోపలికి వచ్చే నీరు శుభ్రపడినా అంతే, పాత నిల్వ కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది.

2014 జనవరి 9న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఇది పెద్ద ఎత్తున కనబడింది. ఎల్క్ నది ఒడ్డున ఉన్న ట్యాంకు నుంచి నేలబొగ్గును కడగడానికి వాడే మిథైల్ సైక్లోహెక్సేన్ మిథనాల్ నదిలోకి కారింది. దిగువన ఒకటిన్నర మైలు దూరంలోనే చార్ల్‌స్టన్ ప్రాంతానికి నీరిచ్చే శుద్ధి కేంద్రం. అక్కడి కార్బన్ ఫిల్టర్లు ఆ తాకిడిని తట్టుకోలేకపోయాయి. దాదాపు 3 లక్షల మందికి నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు, స్నానం చేయొద్దని చెప్పాల్సి వచ్చింది. కుళాయిల్లోంచి అతిమధురం వాసన. రోజూ వచ్చే కొద్దిపాటి మలినాలకు సరిపోయే పడక, వేలరెట్లు ఎక్కువ మోతాదు ఒక్కసారిగా మీదపడితే ఏమవుతుందో అక్కడ తెలిసింది. నది శుభ్రపడిన తర్వాత కూడా ఆ పదార్థం జాడలు ఫిల్టర్ల నుంచే వస్తున్నాయని తేలింది. చివరికి ఆ ఏడాది వేసవిలోగా మొత్తం కార్బన్ మార్చారు.

ఇప్పుడు అందరినీ కలవరపెడుతున్న పీఫాస్, అంటే త్వరగా విరగని ఫ్లోరిన్ రసాయనాల, విషయంలోనూ ఇదే కథ చిన్న తేడాతో నడుస్తోంది. అమెరికా 2024లో పీఎఫ్‌ఓఏ, పీఎఫ్‌ఓఎస్ అనే రెండు రకాలకు తాగునీటిలో లీటరుకు 4 నానోగ్రాముల చొప్పున పరిమితి పెట్టింది. పొడవాటి కర్బన గొలుసున్న ఈ రెండింటినీ కార్బన్ బాగా పడుతుంది. గొలుసు పొట్టిగా ఉన్న చుట్టాలు మాత్రం చాలా ముందే దాటిపోతాయి.

గాలిలో

గాలిలో సూత్రం అదే, లెక్కలు మారతాయి. వాయువులో అణువు నీటిలో కన్నా దాదాపు 10,000 రెట్లు చురుగ్గా కదులుతుంది. కాబట్టి నిమిషాలు అక్కర్లేదు, సెకనులో పదోవంతు చాలు. మాస్కు పెట్టుకుని పీల్చిన ఒక్క శ్వాసలోనే పని పూర్తవడం ఇందువల్లే.

ఎయిర్ ప్యూరిఫయర్‌లో రెండు వేర్వేరు పనులున్నాయి. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపుతుంది. వాయువులు దాని గుండా హాయిగా పోతాయి. పొగలో కణాలూ ఉంటాయి, వాయువులూ ఉంటాయి. గదిలో పొగ కనబడకుండా పోయినా వాసన మిగిలి ఉందంటే హెపా తన పని చేసింది, వాయువులకు తగినంత కార్బన్ లేదన్నమాట. అసలు ఎంత కార్బన్ పెట్టారన్నది తూచి చూడాల్సిన విషయం. నల్లరంగు స్పాంజిలా గాలికి ఊగే పలచటి పొర మీద అద్దిన కార్బన్ కొన్ని గ్రాములే. రోజుల్లోనే దాని చోటు నిండిపోతుంది. వాయువుల్ని నిజంగా తీయాలంటే కిలోల్లో గింజలుండాలి, ఫిల్టర్ చేతికి బరువుగా తెలియాలి. పెట్టె మీద కార్బన్ ఫిల్టర్ అన్న పేరు రెండింటికీ ఒకేలా ఉంటుంది. కొనేవాళ్లు నష్టపోయేది ఎక్కువగా ఈ తేడా తెలియకే.

గాలిలో ఏది చిక్కుతుందో చెప్పడానికి మరిగే ఉష్ణోగ్రత మంచి కొలబద్ద. బెంజీన్ 80 డిగ్రీల దగ్గర, టోలీన్ 111 దగ్గర మరుగుతాయి. రంగులు, జిగుర్ల నుంచి వచ్చే ఇలాంటివాటిని కార్బన్ బాగా పడుతుంది. కొత్త ఫర్నిచర్‌లోని ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ మైనస్ 19 దగ్గరే మరుగుతుంది, దాని మీద మామూలు కార్బన్‌కు పట్టు తక్కువ. అలాంటివాటికి కార్బన్‌లో వేరే రసాయనాలు నానబెడతారు. అమ్మోనియాకు ఆమ్లం, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు క్షారం, పాదరసపు ఆవిరికి గంధకం. అప్పుడు అంటుకోవడంతోపాటు రసాయన బంధం కూడా ఏర్పడుతుంది.

ఈ కొలబద్దలో అట్టడుగున ఉండేది కార్బన్ మోనాక్సైడ్, మైనస్ 191 డిగ్రీలు. కార్బన్ దాన్ని దాదాపు పట్టుకోదు. రంగూ వాసనా లేని ఆ వాయువు ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటో, జనరేటరో పెట్టుకుని ప్యూరిఫయర్ ఉంది కదా అనుకోవడం అత్యంత ప్రమాదకరం. మామూలు గ్యాస్ మాస్కు కూడా దాని నుంచి కాపాడదు. దానికోసం మాంగనీస్, రాగి ఆక్సైడ్లు కలిపిన హాప్కలైట్ అనే వేరే పదార్థం నింపిన మాస్కు కావాలి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌నూ ఇంట్లోని కార్బన్ ఫిల్టర్ తగ్గించదు. కిటికీ తెరవాల్సిందే.

తేమకూ వేడికీ కార్బన్ లొంగుతుంది. గాలిలో తేమ 50, 60 శాతం దాటితే సన్నటి రంధ్రాల్లో నీరే చేరి చోటు ఆక్రమిస్తుంది. ఎండలు ముదిరితే అంటుకున్న అణువులు ఊగిసలాడి విడిపోతాయి, పాత ఫిల్టర్ నుంచి పాత వాసనలు మళ్లీ గదిలోకి వస్తాయి.

వేడికి విడిపోతాయి కాబట్టి ఎండలో పెడితే కార్ట్రిడ్జ్ మళ్లీ కొత్తదవుతుందని కొందరు చెబుతుంటారు. వాసనలు కొన్ని పోవచ్చు గానీ సందుల లోపల గట్టిగా పట్టుకున్నవి ఎండకు కదలవు. కడిగినా, మరగబెట్టినా అంతే. నిజంగా ఖాళీ చేయాలంటే గాలి దాదాపు తగలని కొలిమిలో 800 డిగ్రీల దాకా కాల్చి ఆవిరి పట్టించాలి. పెద్ద శుద్ధి కేంద్రాల కార్బన్‌కు ఇదే చేస్తారు. కార్బన్ తన దగ్గర చేర్చుకున్న వాటిలో చాలావాటిని నాశనం చేయదు, ఒకచోటికి తెచ్చి దాచిపెడుతుంది అంతే. వాటిని నిజంగా తుదముట్టించేది ఆ కొలిమీ, దాని పొగ గొట్టంలో ఉండే రెండో మంటా. ప్రతిసారీ నూటికి ఐదు నుంచి పది వంతుల కార్బన్ కాలిపోవడమో పొడైపోవడమో జరుగుతుంది. ఆ లోటుకు కొత్త గింజలు కలిపి మళ్లీ ట్యాంకులో నింపుతారు. పడకలోకి నీరు వదలగానే గింజల మధ్య నుంచి బుడగలు మళ్లీ లేస్తాయి.